ముసురు వెలిశాక ఏటూరునాగారం అడవి మీదుగా బొగతకు

హనుమకొండలో వాన బాగా పడితే బొగత జలపాతం దగ్గర నీళ్లు బాగా ఉంటాయని చాలామంది అనుకుంటారు. ఆ జలపాతానికి నీళ్లు వచ్చేది మన వైపు నుంచి కాదు. గోదావరికి అవతల, ఛత్తీస్‌గఢ్ సరిహద్దు గుట్టల్లో కురిసిన వాన వాగై వచ్చి, వాజేడు మండలం చీకుపల్లి దగ్గర బండల మీంచి దూకుతుంది. ఇక్కడ ఎండ కాస్తున్న రోజున అక్కడ వరద ఎక్కువై గేటు మూసి ఉండొచ్చు. ఇక్కడ కుండపోత కురిసిన మర్నాడు అక్కడ నీళ్లు మామూలుగానే ఉండొచ్చు.

అందుకే పోయిన వానాకాలం ఈ ప్రయాణం అనుకున్నప్పుడు, బట్టలు సర్దడం కంటే ముందు నీళ్ల సంగతి చూసుకున్నాం. నేను, మా ఆయన, ఇద్దరు పిల్లలు, మా అత్తమ్మ కలిసి వెళ్లాం. అత్తమ్మ పుట్టిల్లు ఏటూరునాగారం పక్కన ఒక చిన్న ఊరు. చిన్నప్పుడు ఆమె గోదావరిని పడవలోనే దాటింది. ముల్లకట్ట దగ్గర వంతెన వచ్చాక అటు పోనేలేదు. "ఆ బిర్జి మీంచి గోదారిని ఒక్కసారి సూపియ్యుండ్రి" అని ఎన్నాళ్ల నుంచో అడుగుతోంది. పిల్లలకు జలపాతం కావాలి, ఆమెకు గోదావరి కావాలి. నాకైతే పస్రా దాటాక మొదలయ్యే అడవి దారి చాలు. అన్నీ ఒకే రోడ్డు మీద ఉన్నాయి.

మా పాప బడిలో నేషనల్ పార్కుల పాఠం చదువుకుని వచ్చి, "మనం పోయేది నేషనల్ పార్కుకేనా అమ్మా?" అని అడిగింది. కాదని చెప్పాను. తెలంగాణలో జాతీయ పార్కులు మూడే: కాసు బ్రహ్మానందరెడ్డి పార్కు, మృగవని, మహావీర్ హరిణ వనస్థలి. మూడూ హైదరాబాద్‌లోనో, దాని అంచునో ఉన్నాయి. మన ఉత్తర తెలంగాణలో ఉన్నవి అభయారణ్యాలు, ఆదిలాబాద్ వైపు కవ్వాల్ టైగర్ రిజర్వ్. ఏటూరునాగారం అడవిని 1950ల మొదట్లోనే అభయారణ్యంగా ప్రకటించారు. విస్తీర్ణం 800 చదరపు కిలోమీటర్ల పైమాటే. హైదరాబాద్ పార్కులు మూడూ కలిపితే 20 చదరపు కిలోమీటర్లకు అటూ ఇటూ ఉంటాయి. మన అడవి ఎంత పెద్దదో పాపకు ఆ లెక్కతో అర్థమైంది.

శ్రావణం మొదట్లో వెళ్దామనుకున్నాం. సరిగ్గా అప్పుడే పెద్ద పూసాల (పుష్యమి కార్తె) ముసురు పట్టింది. వాతావరణ శాఖ ములుగు జిల్లాకు అలర్ట్ ఇచ్చింది. ప్రయాణం వాయిదా వేశాం. పిల్లలు ముఖాలు ముడుచుకున్నారు. కానీ 2023 జులైని చూసినవాళ్లెవరూ ఆ జిల్లాలో అలర్ట్‌ను తేలిగ్గా తీసుకోరు. ఆ నెల 26, 27 తేదీల మధ్య ఇరవై నాలుగు గంటల్లో వెంకటాపూర్ మండలం లక్ష్మీదేవిపేటలో 649.8 మిల్లీమీటర్ల వాన పడింది. తెలంగాణలో ఒక్కరోజులో అంత వాన అంతకుముందు ఎక్కడా నమోదు కాలేదు. జంపన్నవాగు పొంగి కొండాయి ఊరిని ముంచింది, మనుషులు కొట్టుకుపోయారు. పస్రా, తాడ్వాయి మధ్య జాతీయ రహదారే కోసుకుపోయి రాకపోకలు ఆగిపోయాయి. అదే వానలో వెంకటాపురం మండలంలోని ముత్యంధార జలపాతం చూడటానికి వెళ్లిన పదుల మంది, తిరిగొచ్చే దారిలో వాగు పొంగి అడవిలోనే చిక్కుకున్నారు. ఎన్డీఆర్‌ఎఫ్ బృందాలు వెళ్లి వాళ్లను క్షేమంగా బయటికి తెచ్చాయి. పొద్దున దాటిపోయిన వాగే సాయంత్రం వాళ్లకు అడ్డం పడింది. ఆ వార్త విన్న రోజు మా ఇంట్లో ఎవరూ సరిగా అన్నం తినలేదు. మా తమ్ముడి స్నేహితుల్లో ఒకరు ఆ వారమే అటు వెళ్లాల్సింది, ఆఫీసు పని పడి ఆగిపోయాడు.

అందుకని రోజు కుదుర్చుకోవడానికి మేం చూసింది ముందుగా వాజేడు, వెంకటాపురం, తాడ్వాయి మండలాల్లో వాన ఎంత పడిందో. రాష్ట్ర ప్రణాళికా సంస్థ వాళ్లు మండలాలవారీగా రోజూ ఆ లెక్కలు పెడతారు. వెంకటాపూర్ వేరు, వెంకటాపురం వేరని గుర్తుపెట్టుకోవాలి. రెండూ ములుగు జిల్లావే. మొదటిది రామప్ప ఉన్న మండలం, రెండోది గోదావరి అవతల, భద్రాచలం పోయే దారిలో వస్తుంది. బొగత కోసం వెళ్లేవాళ్లు చూడాల్సింది రెండో దాని లెక్క.

తర్వాత గోదావరి. ప్రాణహిత నీళ్లు కాళేశ్వరం దగ్గర కలుస్తాయి, ఇంద్రావతి ఇంకాస్త దిగువన కలుస్తుంది. మహారాష్ట్రలోనో, బస్తర్‌లోనో వానలు పడితే మన దగ్గర చుక్క పడకపోయినా ఏటూరునాగారం దగ్గర నది పెరుగుతుంది. ఎగువన పేరూరు దగ్గర మట్టం కొలుస్తారు. దిగువన భద్రాచలం లెక్క అందరికీ తెలిసిందే: 43 అడుగులకు మొదటి హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. మట్టం బాగా పెరిగినప్పుడు వాజేడు మండలం చివర, టేకులగూడెం దగ్గర 163వ జాతీయ రహదారి మీదికి నీళ్లొచ్చి ఛత్తీస్‌గఢ్ దారి తెగిపోతుంది. మేం అంతదూరం పోవడం లేదు గానీ, అక్కడ రోడ్డు మునిగిందంటే ఈ చుట్టుపక్కల వాగులన్నీ వెనక్కి తన్నుతున్నాయని అర్థం. మేం భద్రాచలం మట్టం మొదటి హెచ్చరికకు బాగా కిందికి దిగి, రెండు రోజులు తెరపి ఇచ్చేదాకా ఆగాం.

ఆఖరుది అటవీశాఖ వాళ్ల గేటు. వరద ఉధృతంగా ఉంటే బొగత దగ్గరికి ఎవరినీ పోనివ్వరు. అత్తమ్మ చుట్టాలు వాజేడులో ఉన్నారు. వాళ్లకు ఫోన్ చేస్తే, "మొన్నటిదాకా బంద్ పెట్టిండ్రు పెద్దమ్మా, నిన్నటి నుంచి తీసిండ్రు. స్నానాలకైతే దిగనిస్తలేరు" అన్నారు. మాకు కావలసింది చూడటమే కాబట్టి ఆ మర్నాడే బయల్దేరాం. ఆదివారం కాకుండా పని దినం ఎంచుకున్నాం. సెలవు రోజున జలపాతం దగ్గర కాలు పెట్టే చోటు దొరకదని ఆ చుట్టాలే చెప్పారు.

హనుమకొండ నుంచి బొగతకు దాదాపు 130 కిలోమీటర్లు. ఎక్కడా ఆగకపోతే మూడు గంటల దారి. మేం ఆగుతూ పోయాం. తెల్లవారుతుండగా ఆరెపల్లి దాటి, ఆత్మకూరు, గూడెప్పాడ్, మల్లంపల్లి మీదుగా ములుగు దారి పట్టాం. ములుగు ఊరు రాకముందే రోడ్డు పక్కన గట్టమ్మ తల్లి గుడి వస్తుంది. మేడారం పోయే ప్రతి బండీ ఇక్కడ ఆగుతుంది. అడవిలోకి పోయేవాళ్లు కూడా ఆగుతారు. అత్తమ్మ దిగి కొబ్బరికాయ కొట్టి, పసుపు కుంకుమ పెట్టి, కారు ముందు టైర్ల కింద నిమ్మకాయలు పెట్టించింది. ఆమెకు అది తప్పనిసరి పని, నాకూ ఆ ఆగడం ఇష్టం. అక్కడి నుంచి మనసు ప్రయాణంలో పడుతుంది.

ములుగులో ఇడ్లీ తిని, పెట్రోల్ నింపుకున్నాం. ఆ తర్వాత దారి పొడవునా నాట్లు. తెరపి దొరికిందని ఊళ్లకు ఊళ్లు పొలాల్లోనే ఉన్నాయి. నెత్తిన ప్లాస్టిక్ కొప్పెరలు కట్టుకుని వరసగా వంగిన ఆడవాళ్లు, గట్ల మీద నారు కట్టలు, దమ్ము చేసే ట్రాక్టర్లు, వాటి వెనక తెల్లగా వాలిన కొంగలు. చల్వాయి దగ్గర లక్నవరం పోయే దారి చీలుతుంది. కాకతీయులు తవ్వించిన ఆ చెరువు నీళ్లతోనే ఇప్పటికీ ఈ పొలాలు పారుతున్నాయి. వేలాడే వంతెనల కోసం జనం పోతుంటారు, మంచి చోటే, కానీ ఒకే రోజులో అదీ బొగతా రెండూ పెట్టుకుంటే ఏదీ తృప్తిగా చూడలేం. మేం నేరుగా పోయాం.

పస్రా దాటాక అడవి మొదలవుతుంది. ఎండాకాలంలో ఇదే దారిన మేడారం పోతే రోడ్డుకు రెండు వైపులా ఎర్రటి దుమ్ము, ఆకు రాలిన టేకు కర్రలు, అక్కడక్కడా కాలిన గడ్డి కనిపిస్తాయి. వానాకాలంలో అదే చోటును గుర్తుపట్టడం కష్టం. టేకు ఆకులు చేటంత వెడల్పున పరుచుకుంటాయి. చెట్ల చిటారున లేత తెలుపు పూత గుత్తులు గుత్తులుగా ఉంటుంది. చాలామంది టేకును కలపగానే చూస్తారు. వానల్లో అది పూస్తుందని ఈ దారిలో పోయేదాకా నాకు పట్టలేదు. కింద వెదురు పొదలు, గుబురుగా తీగలు. కారు అద్దాలు దించితే తడి మట్టి వాసన, కుళ్లిన ఆకుల వాసన కలిసి లోపలికి వస్తాయి. ఏసీ ఆపేశాం. పాటలూ ఆపేశాం.

ఒకచోట రోడ్డు వెడల్పుగా ఉంటే బండి పక్కకు తీసి దిగాం. అత్తమ్మ అప్పుడు మాకు అడవిని చూపించడం మొదలుపెట్టింది. లేత టేకాకు ఒకటి తెంపి పాప అరచేతిలో పెట్టి నలపమంది. చెయ్యంతా ఎర్రగా అయింది. ఇక బాబు కూడా రెండు చేతులకూ పూసుకున్నాడు. గోరింటాకు లేని ఊళ్లో తాము అలాగే ఆడుకునేవాళ్లమని అత్తమ్మ చెప్పింది. తర్వాత ఒక పెద్ద చెట్టు మాను మీద చెయ్యి వేసి, "ఇది నల్లమద్ది బిడ్డా. దీని తోలు సూడు, మొసలి తోలు లెక్కుంటది. ఎండాకాలం కొన్నిటికి గాటు పెడితె నీళ్లు కారుతయి. దూపైతె మా నాయిన గట్లనే తాగిండట" అంది. పుస్తకంలో ఎన్నిసార్లు చదివినా పిల్లలకు ఆ చెట్టు అలా గుర్తుండేది కాదు. ఇప్పుడు మా బాబు ఎక్కడ మద్దిచెట్టు కనిపించినా చెయ్యి వేసి చూస్తున్నాడు.

ఇప్పచెట్టు, తునికి, ఏగిస, ఇట్లా ఆమె చెప్తూనే ఉంది. ఇప్పపూలు రాలేది మార్చి, ఏప్రిల్‌లో. తునికాకు కోత ఎండాకాలంలో. వానలు పడ్డాక పుట్టగొడుగులు, లేత వెదురు కొమ్ములు. ఇక్కడి కోయ కుటుంబాలకు ఏడాది పొడవునా అడవి ఏదో ఒకటి ఇస్తూనే ఉంటుందని ఆమె మాటల్లో తెలిసింది. ఆ రోజు రోడ్డు పక్కన మోదుగాకుల్లో పుట్టగొడుగులు పెట్టుకుని ఇద్దరు అక్కలు కూర్చున్నారు. అత్తమ్మ వాటిని తిప్పి చూసి, వాసన చూసి, ఒక కుప్ప కొన్నది. ఏవి తినేవో ఏవి కావో తెలియని నాలాంటివాళ్లు తెలిసినవాళ్లు పక్కన లేకుండా కొనకపోవడమే మంచిది.

జంతువుల గురించి ఒక మాట చెప్పాలి. ఈ అభయారణ్యంలో చిరుతలు, ఎలుగుబంట్లు, దుప్పులు, మనుబోతులు, అడవిదున్నలు ఉన్నాయి. వాటిని చూడాలన్న ఆశతో వానాకాలం వస్తే నిరాశే. ఎక్కడ చూసినా నీళ్లే ఉన్నప్పుడు జంతువులు చెలమల దగ్గరికి రావాల్సిన పని లేదు, పచ్చదనం ఇంత దట్టంగా ఉన్నప్పుడు పది అడుగుల దూరంలో ఉన్నా కనపడవు. మాకు కనిపించింది కోతులు, ఒక ముంగిస, కరెంటు తీగ మీద పాలపిట్ట. కోతులకు మాత్రం తిండి వేయొద్దు. వేసేవాళ్లు ఎక్కువై అవి రోడ్డు మధ్యలోనే కూర్చోవడం అలవాటు చేసుకున్నాయి, బండ్ల కింద పడుతున్నాయి. మా ముందు పోతున్న కారులోంచి ఎవరో అరటిపండ్లు విసిరారు. ఒక పిల్లకోతి సరిగ్గా లారీకి ఎదురుగా ఉరికింది. లారీ డ్రైవర్ అన్న బ్రేక్ వేశాడు కాబట్టి బతికింది. ఆ క్షణం నాకు గుండె ఆగినంత పనైంది, కోపమూ వచ్చింది.

తాడ్వాయి దగ్గరికి వచ్చేసరికి మా మాటలు తగ్గాయి. 2024 ఆగస్టు 31 సాయంత్రం తాడ్వాయి, మేడారం మధ్య అడవిలో పెనుగాలి వీచి, 200 హెక్టార్లకు పైగా అడవిలో 50 వేలకు మించి చెట్లు నేలకూలాయి. అప్పటికే రోజుల తరబడి వానలకు నేల నాని ఉంది. చాలా చెట్లు వేళ్లతో సహా పెకిలి పడ్డాయి, కొన్ని మధ్యకు విరిగాయి. డ్రోన్ ఫొటోల్లో అడవిని చాపలా తొక్కినట్టు కనిపించింది. గాలి ఊళ్ల మీదికి రాకుండా అడవిలోనే ఆగింది. సమ్మక్క సారలమ్మ తల్లులే తమను కాపాడారని ఇక్కడివాళ్లు అంటారు. అత్తమ్మ కూడా అదే అంది, మేడారం దారి వైపు తిరిగి దండం పెట్టింది. నేను మాత్రం ఆ చెట్ల వయసు గురించే ఆలోచిస్తూ కూర్చున్నాను. అందులో మా అత్తమ్మ కంటే పెద్దవి ఎన్ని ఉండేవో. మనం రోడ్డు మీంచి చూస్తే దెబ్బ పెద్దగా తెలియదు, వానలకు గడ్డీ తీగలూ అల్లుకుని పైన పచ్చగానే ఉంది. ఆ పచ్చదనాన్ని చూసి అడవి కోలుకుందని అనుకోకూడదు. అంత మాను పెరగాలంటే మా పాపకు మనవలు రావాలి.

తాడ్వాయి తర్వాత ఫోన్ సిగ్నల్ వస్తూ పోతూ ఉంటుంది. మ్యాప్ ముందే డౌన్‌లోడ్ చేసుకోవడం మేలు. నిజానికి దారి తప్పేంత మలుపులేమీ లేవు. ఏటూరునాగారం దాకా అడవి మధ్యలోంచి ఒకటే రోడ్డు.

ఏటూరునాగారంలో టీ తాగి ముల్లకట్ట చేరాం. వంతెన మీద బండ్లు ఆపకూడదు. అందుకని మా ఆయన మమ్మల్ని ఇవతలే దింపి, కారు తీసుకుని అవతలి ఒడ్డుకు పోయాడు. నేనూ పిల్లలూ అత్తమ్మ చెయ్యి పట్టుకుని, పక్కగా నడిచి దాటాం. చాలాసేపు పట్టింది. గోదావరి మట్టి రంగులో, ఒడ్డు నుంచి ఒడ్డుకు నిండుగా ఉంది. దూరం నుంచి నెమ్మదిగా పారుతున్నట్టే కనిపిస్తుంది. వంతెన స్తంభాల దగ్గర నీళ్లు విరుచుకుపడుతున్న తీరు చూస్తేగానీ ఎంత వడి ఉందో తెలియదు. ఒక చెట్టు మొదలు కొమ్మలతో సహా కొట్టుకొచ్చి, మేం చూస్తుండగానే వంతెన కింద మాయమైంది.

అత్తమ్మ చిన్నప్పుడు వానాకాలమంటే ఈ నది దాటడం ఆగిపోవడమే. వరద వస్తే పడవలు కట్టేసేవాళ్లు. అవతలి ఒడ్డున ఉన్న వాజేడు, వెంకటాపురం అప్పట్లో ఖమ్మం జిల్లా. వరంగల్‌కు రావాలంటే పడవైనా ఎక్కాలి, లేదా భద్రాచలం చుట్టూ తిరిగి రావాలి. ఆమె పెద్దక్కను అవతలి ఊరికి ఇచ్చారు. ఒక వానాకాలం అక్కకు కాన్పు కష్టమైందని కబురు వచ్చింది, నది దాటలేక వీళ్లమ్మ ఈ ఒడ్డునే కూర్చుని ఏడ్చిందట. బిడ్డ దక్కలేదు, అక్క దక్కింది. ఈ సంగతి అత్తమ్మ మాకు ఇంతకుముందు ఎప్పుడూ చెప్పలేదు. వంతెన మధ్యలో నిలబడి చెప్పింది. 2016లో జిల్లాలు విడదీసినప్పుడు ఆ రెండు మండలాలూ ఇటువైపు జిల్లాలో కలిశాయి, 2019లో ములుగు జిల్లా అయ్యాక అందులోకి వచ్చాయి. ఈ వంతెన లేకపోతే ఆ కలపడం కాగితం మీదే ఉండేది. రోజూ దీని మీద బస్సుల్లో కాలేజీకి, ఆసుపత్రికి వచ్చిపోయేవాళ్లను చూస్తే నాకు ఎంత పెద్ద జలపాతం చూసినా కలగని సంతోషం కలిగింది.

అవతలి ఒడ్డు పూసూరు. అక్కడి నుంచి భూమి తీరే మారిపోతుంది. గోదావరి ఒండ్రు నేలలు, మిరప నార్లు, పత్తి చేలు, వెనకాల వరసగా నీలం గుట్టలు. ఆ గుట్టల మీద మబ్బు దిగి ఉంది. అక్కడ నిన్న రాత్రి ఎంత కురిసిందో అదే ఇవాళ మనకు కనిపించే జలపాతం. చీకుపల్లి దగ్గర పెద్ద రోడ్డు వదిలి లోపలికి తిరిగితే పార్కింగ్, టికెట్ కౌంటర్ వస్తాయి. టికెట్ నగదుతోనే తీసుకున్నాం. సిగ్నల్ సరిగా లేనిచోట ఫోన్ చెల్లింపులు నమ్ముకోకుండా చిల్లర దగ్గర ఉంచుకుంటే ఇబ్బంది ఉండదు.

జలపాతం కనిపించకముందే వినిపించింది. బాబు ఉరకబోతే చెయ్యి పట్టి ఆపాను, మెట్లు తడిగా నున్నగా ఉన్నాయి. చెట్లు తెరుచుకున్న చోట ఒక్కసారిగా ఎదురుగా కనిపించింది. బొగత ఎత్తు పెద్దగా ఉండదు, 30 అడుగులు ఉంటుందేమో. దాని అందమంతా వెడల్పులో ఉంది. వాగు పరుపుబండ మీద విశాలంగా పరుచుకుని వచ్చి, ఆ చివరి నుంచి ఈ చివరి దాకా ఒకేసారి దూకుతుంది. తెలంగాణ నయాగరా అని పేరు పెట్టింది అందుకే. నాకు ఆ పేరు అక్కర్లేదనిపిస్తుంది, బొగత అంటే చాలు. ఆ రోజు నీళ్లు ఎర్రమట్టి రంగులో ఉన్నాయి. ఫొటోల్లో చూసే పాలనురుగు తెలుపు వరద తగ్గి వాగు తేరుకున్నాక, సెప్టెంబర్, అక్టోబర్ వైపు వస్తుంది. తెల్లటి నీళ్లు కావాలనుకునేవాళ్లు అప్పుడే రావాలి. నీటి బలం చూడాలనుకునేవాళ్లు ఆగస్టులో రావాలి. నాకు ఆ మట్టి రంగే నచ్చింది, పైనున్న గుట్టలు కరిగి వస్తున్నాయని తెలుస్తుంది.

తుంపర మా ముఖాల మీదికి, కళ్లజోళ్ల మీదికి వచ్చి పడుతోంది. కింది మడుగు అంచున కంచె ఉంది, సిబ్బంది విజిల్ పట్టుకుని నిలబడ్డారు. కొందరు కుర్రాళ్లు ఫొటో కోసం కంచె దాటబోతే ఒక ఉద్యోగి వెళ్లి, "తమ్మీ, పైన వాన పడ్డది మనకు ఈడికి తెల్వది. నీళ్లు వస్తుంటె చప్పుడుకు తలకాయ తిప్పేలోపు వచ్చేస్తయి" అని నెమ్మదిగా చెప్పాడు. అరవలేదు, తిట్టలేదు. కుర్రాళ్లు వెనక్కి వచ్చారు. ఈ మడుగులోకి దిగి చనిపోయిన పిల్లల వార్తలు పేపర్లలో చదివాం. పైకి చదునుగా కనిపించినా కింద లోతు, రాళ్ల సందులు ఉంటాయి, దూకే నీళ్లు మనిషిని కిందికి తొక్కుతాయి. రోజంతా వానలో నిలబడి వచ్చినవాళ్లందరికీ అదే మాట ఓపికగా చెప్తున్న ఆ సిబ్బందిని చూస్తే నాకు ఎంతో గౌరవం కలిగింది. పోయేముందు అత్తమ్మ ఆయనకు రెండు సర్వపిండి ముక్కలు కాగితంలో చుట్టి ఇచ్చింది.

సర్వపిండి, పులిహోర, పచ్చి పులుసు, పెరుగన్నం, అన్నీ ఇంటి నుంచే తెచ్చుకున్నాం. గేటు బయట చెట్టు కింద కూర్చుని తిన్నాం. చుట్టూ బండ్ల మీద కాల్చిన మక్క కంకులు, బొంగులో చికెన్ అమ్ముతున్నారు. వెదురు బొంగులో మసాలా పట్టించిన కోడిమాంసం కూరి, ఆకుతో మూతి మూసి, నిప్పుల మీద కాలుస్తారు. నూనె వెయ్యరు, వెదురు తడికే ఉడుకుతుంది. మా ఆయన, బాబు అది తిన్నారు. తిన్న విస్తళ్లు, ప్లాస్టిక్ సీసాలు ఒక సంచిలో వేసుకుని కారులోనే పెట్టుకున్నాం. చెట్ల కింద జనం పడేసిన చిప్స్ కవర్లు వాన నీళ్లతో పాటు వాగులోకి పోవడం చూస్తే బాధేసింది. పిల్లలు తమంతట తామే కొన్ని ఏరి మా సంచిలో వేశారు.

మధ్యాహ్నం రెండు దాటాక గుట్టల మీద మబ్బు నల్లబడింది. ఇంకాసేపు ఉందామని పిల్లలు అడిగారు. అడవి దారిని వెలుగుండగానే దాటాలన్నది మేం ముందే అనుకున్న మాట. ఆ రోడ్డు మీద రాత్రిపూట పశువులు పడుకుంటాయి, వాన పడితే ఎదురు లైట్ల వెలుగులో గుంతలు కనపడవు, బండి ఆగిపోతే సాయం దొరకదు. వెంటనే బయల్దేరాం. ఏటూరునాగారం దాటేసరికి వాన అందుకుంది. తాడ్వాయి దాకా వైపర్లు ఫుల్ స్పీడులో తిరుగుతూనే ఉన్నాయి. లోతట్టు చోట్ల రోడ్డు మీదికి పక్క నుంచి ఎర్రనీళ్లు వస్తుంటే నెమ్మదిగా దాటాం. పస్రా వచ్చేసరికి వాన వెనకపడింది.

ఇంకా పొద్దు ఉంది కాబట్టి జంగాలపల్లి దగ్గర తిరిగి రామప్పకు పోయాం. దాని గురించి రాసినవాళ్లు చాలామంది ఉన్నారు. 1213లో రేచర్ల రుద్రుడు కట్టించిన గుడి అనీ, 2021లో యునెస్కో గుర్తింపు వచ్చిందనీ అందరికీ తెలుసు. నేను చెప్పదలచింది ఒక్కటే, రామప్పను వానలో చూడాలి. ఎండలో బూడిద రంగులో ఉండే నల్లరాతి మదనికలు (స్త్రీ శిల్పాలు) తడిస్తే నిగనిగలాడతాయి. నగల మీద చెక్కిన ఒక్కో గీత అప్పుడే స్పష్టంగా కనిపిస్తుంది. ఎనిమిది వందల ఏళ్లుగా వానలకు తడుస్తున్న గుడి అది. కింద ఇసుక నింపిన పునాది, పైన నీళ్లలో తేలేంత తేలికైన ఇటుకల శిఖరం. 2023లో అంత వాన పడిన లక్ష్మీదేవిపేట ఈ మండలమే. పక్కనే రామప్ప చెరువు ఆ సాయంత్రం కట్ట దాకా నిండి ఉంది.

దామరవాయి రాక్షసగుళ్లు ఈసారి కుదరలేదు. తాడ్వాయి మండలంలో అడవి లోపల గుట్ట మీద పెద్ద పెద్ద బండలతో కట్టిన ఆదిమానవుల సమాధులవి, రెండు వందల దాకా ఉన్నాయి. వానల్లో అక్కడికి నడిచి పోవడం కష్టమని వాజేడు చుట్టాలు చెప్పారు. సంక్రాంతి సెలవులకు అత్తమ్మను వాళ్ల అక్క కూతురింట్లో దింపి, మేం అటు పోదామనుకుంటున్నాం.